సగం చెంచా

సోమవారం తెల్లవారగానే బేబి సంచి సర్దడం మొదలుపెట్టింది. హుకుంపేట ఎరువుల కొట్టులో ఇచ్చిన నీలం సంచి అది. జిప్పు సగం దాకానే పడుతుంది. అడుగున తువ్వాలు పరిచి, దాని మీద రెండు జాకెట్లు, దువ్వెన, పళ్ళపొడి పొట్లం, ఆధార్ జిరాక్సు పెట్టింది. ఆపైన మూడు చీరలు. పొయ్యి దగ్గర రాగిపిండితో చోడి అంబలి కలుపుతున్న సోములమ్మ గరిటె ఆపి ఆ చీరల వైపే చూసింది. అయిదు రోజులకు మూడు చీరలు. అందులో ఒకటి పసుపుది. పండక్కీ పెళ్ళికీ తప్ప కోడలు దాన్ని ఎప్పుడూ కట్టలేదు.

"నేర్సుకోడానికి ఎల్తన్నావా, పెళ్ళికి ఎల్తన్నావా?"

"ఆకరి రోజు ఫొటో తీత్తారంట అత్తా."

"ఫొటోకి మొగం సాలదేటి?"

బేబి నవ్వి, మొహం కడుక్కోడానికి బయటికి వెళ్ళింది. ఆమె అడుగుల చప్పుడు దూరమయ్యాక సోములమ్మ లేచి పసుపు చీర బయటికి తీసింది. చాప కింద దాచింది. సంచి వెలితిగా కనబడకుండా ఆ చోటులో తన పాత దుప్పటి మడిచి పెట్టింది. మంచి బట్ట పట్టుకెళ్ళిన మనిషి తొందరగా తిరిగి రాదని ఆమె భయం. ఆ మాట ఎవరూ చెప్పలేదు. అరవై ఆరేళ్ళలో తను చూసిందే.

గోడకు ఆనించిన చాప మీద రవిబాబు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఆరు నెలల క్రితం జీపు తోలుతూ స్టీరింగు మీదే ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటల్లో ఒక్కటే మిగిలింది.

"రైట్," అన్నాడు తల్లి వైపు చూసి.

"నువ్వు ఊరుకోరా," అంది సోములమ్మ.

ఇంతలో ఆశా వర్కరు రత్నాలు కాగితాలు పట్టుకుని వచ్చింది. అరకులో ఒక సంస్థవాళ్ళు పక్షవాతం, మూర్ఛ, వణుకుడు జబ్బు ఉన్నవాళ్ళ ఇళ్ళ మనుషులకు అయిదు రోజులు శిక్షణ ఇస్తున్నారు. తమ ఊరు గెడ్డవలస నుంచి ఆమె ఒకే పేరు రాసింది. బేబి పేరు.

"అమ్మీ రత్నాలూ, ఈడికి ముద్ద ఎట్టీది ఎవులు?"

"నువ్వే పెద్దమ్మా."

"కడిగీది?"

"నువ్వే. బేబి పొద్దున్నుంచి కాఫీ తోటలోనే ఉంటాది గదా."

"మరి నేర్పీది నాకా, దానికా?"

"రోగికి ఒక మనిషే అన్నారు. యాభై లోపు ఉండాల, పదో తరగతి సదివుండాల. ఆ రూలు నాను రాసిందా?"

"నాకు సదవడం వచ్చు."

రత్నాలు నమ్మలేదు. సోములమ్మ ఆమె చేతిలోంచి కాగితం లాక్కుని, గెడ్డ నీళ్ళలో రాళ్ళ మీద అడుగు వేసినట్టు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ చదివింది. "నాడీ... సంబంధ... వ్యాధిగ్రస్తుల... కుటుంబ సంరక్షకులకు శిక్షణ." చదివి, తల ఎత్తి చూసింది.

"ఏ బడికి ఎల్లినావు పెద్దమ్మా?"

"సంతలో ఎండుసేపలు సుట్టిన కాయితాలే నా బడి."

"మరి సర్టిఫికెట్టు కూడా ఎండుసేపలోడే ఇత్తాడేటి?" అంది రత్నాలు. అప్పుడే లోపలికి వచ్చిన బేబి కూడా నవ్వింది. సోములమ్మ నవ్వలేదు. కాగితం మడిచి తిరిగి ఇచ్చేసింది.

బయట జీపు హారను మోగింది. రవిబాబు తోలిన జీపే. ఇప్పుడు మంగ్లు తోలుతున్నాడు. బేబి మొగుడి పక్కన కూర్చుని, నుదుటి మీది జుట్టు వెనక్కి దువ్వింది.

"అయిదు రోజులే. శుక్రవారం సందేలకి వచ్చెత్తాను."

జీపు మలుపు తిరిగి, మిరియం తీగలు పాకిన చెట్ల వెనక కనబడకుండా పోయేదాకా సోములమ్మ గుమ్మంలో నిలబడింది. లోపలికి వచ్చి, క్యాలెండర్‌లో ఇరవై తొమ్మిదో తేదీ కింద పెన్సిలుతో 'బేబి' అని రాసింది. పాత ఏళ్ళ క్యాలెండర్లు కూడా అదే మేకుకు వేలాడుతున్నాయి. వాటిలోనూ కొన్ని తేదీల కింద వెళ్ళినవాళ్ళ పేర్లు ఉన్నాయి. వాటిని ఆమె ఎవర్నీ పారెయ్యనివ్వదు.

అంబలి చల్లారింది. ఆమె కొడుకు తలను ఒళ్ళోకి తీసుకుని, గడ్డం పైకెత్తి, ఆనపకాయ బుర్రలోంచి సన్నని ధారగా నోట్లో పోసింది. కొండ మీద అందరూ తాగేది అలాగే. బుర్రకు పెదవి తగలకూడదు. తల వెనక్కి వాల్చి, ధారను గొంతులోకి వదలాలి. పసివాడుగా ఉన్నప్పుడు రవిబాబుకు అలా తాగడం నేర్పింది ఆమే.

నాలుగో గుక్కకు అతనికి పొలమారింది. మెడ నరాలు ఉబ్బేలా దగ్గాడు. సోములమ్మ అతని నడినెత్తి మీద అరచేత్తో తట్టింది.

"ఎవుల్రా తలుసుకుంటన్నారు? ఇంకా కొండ దాటలేదు, అప్పుడే తలుసుకుంటంది నీ పెళ్ళాం."

"రైట్," అన్నాడు రవిబాబు, దగ్గు మధ్యలో.

ఆ నాలుగు రోజులూ ఆమెకు అదే ధైర్యం. మంగళవారం పొద్దున ఒకసారి పొలమారింది, సాయంత్రం రెండుసార్లు. బుధవారం ఒక్క పూటలోనే మూడుసార్లు. దగ్గిన ప్రతిసారీ ఆమె నెత్తి మీద తట్టి, కోడలి పేరు చెప్పి కొడుకును ఊరడించింది. బేబి మనసు ఇక్కడే ఉంది. ఇల్లు గుర్తున్న మనిషి రాకుండా పోదు. ఆ ఆలోచనతో కాఫీ గింజలు ఎండబోసిన కళ్ళంలో గొర్రు లాగుతుంటే ఆమెకు నడుం నొప్పి కూడా తెలియలేదు. బుధవారం రాత్రి అతని ఒళ్ళు వెచ్చబడింది. చలిగాలి అనుకుంది.

గురువారం రత్నాలు ఫోను పట్టుకుని పరుగున వచ్చింది. ఫోనులో బేబి.

"అత్తా, ఆయన దగ్గుతన్నాడా?"

"దగ్గుతన్నాడమ్మీ. నువ్వు తలుసుకోకుండా ఉంటే గదా!"



"అత్తా, నాను వచ్చీదాకా బుర్రతో పొయ్యకు. పల్సన ఎయ్యకు. సిక్కగా కాసి..."

లైను తెగిపోయింది. సోములమ్మ ఫోను రత్నాలు చేతిలో పెట్టేసింది. "నాలుగు రోజులు బల్లల మీద కూకుంది గదా, అత్తకి వంట నేర్పుతంది," అంది. కాని ఆ పూట అంబలిలో చోడి పిండి మరో గుప్పెడు ఎక్కువే వేసింది. పోసింది మాత్రం బుర్రతోనే.

శుక్రవారం బేబి చెప్పిన వేళకే వచ్చింది. జీపు దిగిన కోడల్ని చూడగానే సోములమ్మ గబగబా లేచి వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడింది. బేబి సంచి కింద పెట్టకుండానే మొగుడి దగ్గరికి వెళ్ళి, అతని వీపుకు చెవి ఆనించి విన్నది. ఒంటి మీద చెయ్యి వేసి చూసింది. లేచి, గోడకున్న మేకు నుంచి ఆనపకాయ బుర్ర తీసి అటక మీద పెట్టేసింది.

"అదేటే? అది నా అత్త సేతి బుర్ర."

"తెలుసు అత్తా. నువ్విలా రా. గోడకి ఆనుకుని కూకో."

"దేనికి?"

"నువ్వు రోగివి. నాను నువ్వు. మాకక్కడ ఇలాగే సేసారు."

బేబి ఆమె కుడి చెయ్యిని చీర కొంగుతో నడుముకు కట్టేసింది. తలను వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి పట్టుకుని, లోటాలోని నీళ్ళు నోట్లో పోసింది. నాలుగు చుక్కలు. సోములమ్మ మింగబోయింది. నీళ్ళు వెళ్ళాల్సిన దారి కాకుండా ఇంకెటో వెళ్ళాయి. కళ్ళ వెంట నీళ్ళు కారేలా దగ్గింది. చెయ్యి ఎత్తబోతే రాలేదు. ఆపమని చెప్పబోతే మాట రాలేదు. చాప మీద నుంచి కొడుకు తననే చూస్తున్నాడు.

బేబి కట్టు విప్పింది. "ఎవులూ తలుసుకోడం కాదంట అత్తా. గొంతు కుడిపక్క సచ్చుబడిపోతే తిండి ఊపిరితిత్తుల్లోకి ఎల్తాదంట. అందుకే జరం."

సోములమ్మ మంగళవారం ఎన్ని, బుధవారం ఎన్ని అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆరు నెలలకు లెక్క వేసుకునే ధైర్యం లేక ఆపేసింది.

"నానే పోసాను," అంది చివరికి.

"నాకు మాత్రం తెలుసేటి? నీకెవులు సెప్పారు గనక?"

మర్నాడు రత్నాలు మందులు తెచ్చింది. సోమవారానికి జ్వరం దిగింది. ఆ రోజు నుంచే నేర్పడం మొదలైంది. బేబి కాఫీ తోట పనికి వెళ్ళడం మానేసింది. ముందు కూర్చోబెట్టడం. వీపు గోడకు నిటారుగా ఆనాలి. పడిపోయిన చెయ్యి కింద దిండు ఉండాలి. చంకలో చెయ్యి వేసి గుంజకూడదు, భుజం జారిపోతుంది. నడుముకు తువ్వాలు కట్టి, ఆ తువ్వాలు పట్టుకుని లేపాలి. ఆ తరవాత తిండి. అంబలి గరిటె మీంచి ధారగా కాకుండా ముద్దగా జారాలి. అరకులో ఇచ్చిన స్టీలు చెంచాతో సగమే తియ్యాలి. గడ్డం ఛాతీ వైపు దించాలి. నాలిక మధ్యలో పెట్టి, గొంతుముడి ఒకసారి పైకి లేచి కిందికి దిగేదాకా ఆగాలి. కుడి బుగ్గలో మిగిలిందేమో వేలితో చూడాలి. అప్పుడు ఇంకో సగం.

"ఈ లెక్కన పొద్దుటి అంబలి సందేలకి అవుతాది," అంది సోములమ్మ.

"ఆయనకి ఏ సర్వీసుకి ఎల్లాల గనక? మెల్లిగా తింటాడు."

"రైట్," అన్నాడు రవిబాబు. ఆరు నెలల్లో మొదటిసారి ముగ్గురూ ఒక్కసారే నవ్వారు.

సోములమ్మ చేతులు త్వరగానే నేర్చుకున్నాయి. మంగళవారానికి అతను గిన్నెడు అంబలీ దగ్గకుండా తిన్నాడు. ఎన్నాళ్ళకో అతని మొహం తిండి మధ్యలో నల్లబడకుండా ఉంది. బుధవారం నుంచి బేబి చెంచా ముట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుని చూస్తుండేది. తప్పు చేస్తే "గెడ్డం, అత్తా" అనేది, అంతే. సోములమ్మకు గర్వంగా ఉండేది. చోడి పిండి బేరగాళ్ళు వచ్చినా, పక్కింటివాళ్ళు వచ్చినా పిలిచి చూపించేది. "అరకు బడికి రావద్దన్నారు గదా, బడే నా ఇంటికొచ్చింది," అనేది.

గురువారం బేబి గెడ్డకు నీళ్ళకు వెళ్ళినప్పుడు ఆమె చాప కింద నుంచి పసుపు చీర తీసింది. తిరిగొచ్చిన మనిషి చీర దాచుకోవడం సిగ్గనిపించింది. సంచిలో యథాప్రకారం పెట్టేద్దామని జిప్పు లాగింది. చీర పెడుతుంటే వేళ్ళకు మడత కాగితం తగిలింది.

అచ్చు అక్షరాలు ఆమెకు సులువు. 'పేషెంటు స్త్రీ, వయసు డెబ్భై ఎనిమిది. పక్షవాతం. ఇంట్లోనే ఉండి చూసుకోవాలి. విశాఖపట్నం. ఫిబ్రవరి 12 సోమవారం పనిలో చేరాలి.' కాగితం వెనక బేబి చేతిరాత. అది చదవడానికి కాస్త సమయం పట్టింది. కూచోబెట్టడం. నడుం తువ్వాలు. సగం చెంచా. బుగ్గ చూడడం. పక్క మార్చడం. ఒక్కో మాట పక్కనా పెన్సిలుతో చిన్న గీత ఉంది. చివరి మాట పక్కన గీత లేదు. 'బాగా పొలమారితే.'

సోములమ్మ కాగితం మడతల్లోనే మడిచి పెట్టేసింది. పసుపు చీరను మళ్ళీ చాప కిందికి తోసింది. కోడలు అంత ఓపికగా ఎందుకు నేర్పిందో, తను నేర్చుకున్న ఒక్కో పని ఎవరు వెళ్ళడానికి దారి తీసిందో ఆమెకు అప్పుడు తెలిసింది. అత్తకు చదవడం వచ్చని బేబి మరిచిపోయింది. అందరూ మరిచిపోతారు.

ఎందుకెళ్తున్నావని ఆమె అడగలేదు. అడిగితే చెప్పేస్తుంది. చెప్పేశాక ఇక ఆపడానికి ఏమీ ఉండదు.

శుక్రవారం బేబి దిండును మనిషిలా కూర్చోబెట్టి చూపించింది. "బాగా పొలమారితే నెత్తి మీద తట్టకూడదు అత్తా. ముందుకి వంచాల. రెండు రెక్కల మజ్జిన అరసేతి మడమతో గట్టిగా కొట్టాల. బుగ్గలోది వేలితో లాగీయాల. ఏదీ, నువ్వు సెయ్యి."

సోములమ్మ దిండును వెనక్కి వంచింది.

"ముందుకి అత్తా."

మళ్ళీ వెనక్కే వంచింది. "నా వల్ల కాదమ్మీ. ముసలి సేతులు. ఇది నువ్వే సూసుకో."

శనివారం కూడా అంతే. బేబి విసుక్కోలేదు. ఆ రాత్రి మాత్రం అన్నం సరిగా తినలేదు. పడుకున్నాక అటూ ఇటూ పొర్లుతున్న చప్పుడు సోములమ్మకు వినబడుతూనే ఉంది. ఇంకొక్క రోజు అనుకుంది. సోమవారం దాటిపోతే ఆ పట్నంవాళ్ళు ఇంకెవర్నో పెట్టుకుంటారు.

ఆదివారం పొద్దున బేబి కళ్ళంలో కాఫీ గింజలు గొర్రుతో తిరగేస్తోంది. సోములమ్మ అటక మీది ఆనపకాయ బుర్ర దించింది. అందులో పల్చటి అంబలి పోసుకుని కొడుకు పక్కన కూర్చుంది. పొయ్యాలని కాదు. కోడలు లోపలికి వచ్చి చూడాలి, అంతే. ఈ ముసలిది ఇంకా బుర్రే పట్టుకుంటోంది, దీని చేతికి మనిషిని వదిలి వెళ్ళకూడదు అనుకోవాలి. గొర్రు చప్పుడు ఆగింది. అడుగులు దగ్గరయ్యాయి. సోములమ్మ కొడుకు గడ్డం పైకెత్తి, బుర్ర వంచి పట్టుకుంది. నలభై ఏళ్ళ అలవాటు. చెయ్యి ఆమె అనుకున్న చోట ఆగలేదు. ధార పడింది.

రవిబాబు దగ్గలేదు. దగ్గు రాలేదు. నోరు తెరుచుకుంది, కళ్ళు పెద్దవయ్యాయి, పెదవులు నల్లబడ్డాయి. ఎడమ చెయ్యి వచ్చి తల్లి మణికట్టు పట్టుకుంది.

బుర్ర ఎక్కడ పడిందో ఆమెకు తెలియదు. అతన్ని ముందుకు వంచి, తన ఎడమ చెయ్యి ఛాతీకి అడ్డం పెట్టి, రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో కొట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకు అంబలి బయటికి వచ్చింది. కుడి బుగ్గలో వేలు పెట్టి మిగిలింది లాగేసింది. ఇంకో దెబ్బ. అతను ఈలలాంటి చప్పుడుతో గాలి పీల్చుకుని ఏడ్చాడు. ఆమె అతన్ని నిటారుగా కూర్చోబెట్టి, చెయ్యి కింద దిండు సర్ది, గడ్డం దించి పట్టుకుంది. అప్పుడు తల తిప్పి చూసింది.

బేబి గుమ్మంలో ఉంది. చేతిలో గొర్రు అలాగే ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో.

"బుర్ర ఎందుకు దించినావు అత్తా?"

"అలవాటు," అంది సోములమ్మ.

బేబి గొర్రు గోడకు ఆనించింది. నేల మీది అంబలి తుడిచింది. బుర్ర కడిగి బోర్లించింది. మొగుడి పక్కన కూర్చుని అతని వీపు రాస్తూ ఉండిపోయింది.

"నాకన్నా బాగా సేసినావు," అంది. "నానైతే సేతులు ఆడక సచ్చిపోదును."

సాయంత్రం సోములమ్మ సంచి తెరిచి చూడలేదు. చూడక్కర్లేదు. చివరి మాట పక్కన గీత పడి ఉంటుందని ఆమెకు తెలుసు.

సోమవారం తెల్లవారగానే బేబి సంచి సర్దింది. సోములమ్మ పసుపు చీర తెచ్చి ఇచ్చింది.

"ఇది మొన్న నానే తీసినాను."

"తెలుసు అత్తా. దుప్పటి ఎట్టినావు గదా. అరకు సలికి అదే పనికొచ్చింది." బేబి చీరను మడత విప్పకుండా పైన పెట్టింది. "మూడు నెలలు. కాఫీ పని అయిపోనాది, ఇక్కడ ఏటి సేత్తాను? సైత్రంలో ఇటుకల పండక్కి వచ్చెత్తాను. నువ్వున్నావనే ఎల్తన్నాను అత్తా. నువ్వు నేర్సుకోపోతే ఎల్లకపోదును."

"ఆ ముసలావిడకీ సగం చెంచాయే ఎట్టు," అంది సోములమ్మ. ఇంకో మాట గొంతు దాకా వచ్చింది. అది మూడే అక్షరాల చిన్న మాట, ఉండిపో అని. కొడుకు వింటున్నాడని మింగేసింది. అది తప్పని ఆమె తరవాత చాలాసార్లు అనుకుంది.

బేబి మొగుడి ముందు కూర్చుని జుట్టు దువ్వింది. అతను ఆమె మొహంలోకి చూశాడు. పెదవులు కదిలాయి. ఆ ఒక్క మాట కూడా ఆ రోజు రాలేదు. మంగ్లు హారను కొట్టాడు.

సోములమ్మ క్యాలెండర్‌లో పేరు రాసింది. లోపలికి వెళ్ళి అంబలి చిక్కగా కాచింది. కొడుకును కూర్చోబెట్టి, గడ్డం దించి, సగం చెంచా పెట్టి, గొంతుముడి లేచి దిగేదాకా ఆగింది. చుక్క కూడా తప్పిపోలేదు.

ఇటుకల పండగ వచ్చింది. చోళ్ళు చల్లారు, కోశారు. మళ్ళీ కాఫీ పళ్ళు ఎరుపెక్కాయి. మొదట్లో వారానికోసారి రత్నాలు ఫోనుకు బేబి ఫోను వచ్చేది, తరవాత ఆ నంబరు పనిచెయ్యడం మానేసింది. సోములమ్మ రోజుకు మూడుసార్లు కొడుక్కి తినిపిస్తుంది. ప్రతి పూటా ఆఖరి చెంచా దగ్గర కాసేపు ఆగి చూస్తుంది. అతనికి ఒక్కసారి కూడా పొలమారలేదు.

బేబి వెళ్ళింది 2024 ఫిబ్రవరి 12, సోమవారం. తిరిగి రాలేదు.